ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్: మనకు తగినది ఎంచుకోవడం ఎలా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

2016 అక్టోబరు 11న మనం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని మూడు జిల్లాల వాళ్లమయ్యాము గాని, సర్వీసు పుస్తకాల్లో మనమంతా పాత మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లమే. అందుచేత ఇది మన ఇంటి సభ అనుకునే మాట్లాడుతాను.

మామూలుగా మన సమావేశాలలో కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి, జీవన ప్రమాణ పత్రాల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కాసేపు మన సరదాల గురించి కూడా చెప్పుకుందామని కార్యవర్గం వారు నిర్ణయించి, మెడలో కెమెరా వేసుకుని తిరిగే అలవాటు ఉన్నవాణ్ణి కనుక నన్ను ఈ విషయంపై మాట్లాడమన్నారు. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. ఉద్యోగ విరమణ తర్వాత దొరికిన తీరిక సమయంలో ఈ సాఫ్ట్‌వేర్లు కొన్నింటిని స్వయంగా వాడి చూశాను. నాకు తెలిసినంత వరకు మీకు మనవి చేసుకుంటాను.

మన మిత్రులలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఫోటోలు బాగు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" ఇది "ఏ మందు మంచిది?" అని అడిగినట్లు ఉంటుంది. జబ్బేమిటో చెప్పకుండా మందు చెప్పలేము కదా. కాబట్టి మొదట మన పని ఏమిటో తేల్చుకోవాలి.

మనలాంటి వారికి సాధారణంగా ఉండే పనులు నాలుగు. మొదటిది, ఫోన్లో తీసిన ఫోటోలను కాస్త సరిచేయడం. వంకర తీయడం, అంచులు కత్తిరించడం, చీకటిగా ఉంటే వెలుతురు పెంచడం. రెండవది, మంచి కెమెరాతో జూరాల గేట్లనో, సోమశిల దగ్గరి కృష్ణనో, నల్లమలలో మల్లెలతీర్థాన్నో తీసినప్పుడు ఆ ఫోటోలను శ్రద్ధగా తీర్చిదిద్దడం. మూడవది, ఇంట్లో పెట్టె అడుగున ఉన్న పాత నలుపు తెలుపు ఫోటోలను స్కాన్ చేసి మరమ్మతు చేయడం. నాలుగవది, వేలకొద్దీ పేరుకుపోయిన ఫోటోలను పేర్లతో, తేదీలతో ఒక వరుసలో పెట్టుకోవడం. ఈ నాలుగు పనులకూ ఒకే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. మొదటి పని మాత్రమే ఉన్నవారు నాలుగో అంతస్తుకు మెట్లెక్కవలసిన అవసరం అంతకన్నా లేదు.

ఫోటోను దిద్దడం కంప్యూటర్‌తో వచ్చిన విద్య కాదు. మన పట్టణాల స్టూడియోలలో నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో టచింగ్ చేసేవారు. ప్రింటు మీద పడిన తెల్ల చుక్కలను కుంచెతో, సిరాతో కప్పేవారు. నలుపు తెలుపు పెళ్లి ఫోటోలకు చీర మీద, పెదవుల మీద రంగులు అద్దేవారు. ముఖంపై మచ్చ ఎంత తీయాలో, ఎక్కడ ఆపాలో ఆ స్టూడియో యజమానికి తెలుసు. ఎందుకంటే ఫోటోలోని మనిషి రేపు అంగట్లో ఆయనకు ఎదురుపడతాడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, చివరలో మళ్లీ దీని అవసరం వస్తుంది.

కంప్యూటర్‌లో ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో అందరికీ తెలిసిన పేరు ఫోటోషాప్. దీనిని అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేయగా, అడోబీ కంపెనీ 1990 ఫిబ్రవరిలో మొదటిసారి విడుదల చేసింది. తర్వాత అది మన ఊళ్ల డి.టి.పి. సెంటర్లలోకి, ఫోటో స్టూడియోలలోకి వచ్చింది. చివరికి "ఫోటోషాప్ చేయడం" అంటే ఫోటోను మార్చడం అనే అర్థం స్థిరపడిపోయింది. అయితే 2013లో ఆ కంపెనీ పద్ధతి మార్చుకుంది. అంతకుముందు ఒకసారి డబ్బు చెల్లిస్తే ఆ ప్రతి మనదే. 2013 తర్వాత వచ్చిన కొత్త ప్రతులకు చందా కడుతూ ఉండాలి. చందా ఆగితే పని ఆగుతుంది. దాని తోబుట్టువైన లైట్‌రూమ్ సంగతీ అంతే. 2015లో వచ్చిన ఆరవ ప్రతి తర్వాత అదీ చందా దారి పట్టింది.

మనకు పెన్షన్‌లో కమ్యుటేషన్ కోత పదిహేనేళ్లకైనా ఆగుతుంది. ఈ చందా మాత్రం వాడినన్నాళ్లూ ఆగదు! నవ్వులాటకు అన్నాను గాని, ఇది ఆలోచించవలసిన విషయమే. స్టూడియో నడిపేవారికి ఆ చందా ఖర్చు కింద పోతుంది, ఆదాయంలో తిరిగి వస్తుంది. నెలకు పది ఫోటోలు దిద్దుకునే మనకు అది తిరిగి వచ్చేది కాదు.

అలాగని చందా సాఫ్ట్‌వేర్లు చెడ్డవని నేను అనను. ఫోటోషాప్‌లో పని నేర్చుకున్న మనవడో మనవరాలో ఇంట్లో ఉంటే, వారి దగ్గర అది ఎలాగూ ఉంటే, వాడుకోండి. కాని "అందరూ అదే వాడుతున్నారు కదా" అని మాత్రం చేరకండి. ఇంకొక మాట. ఉచితంగా "క్రాక్" చేసిన ప్రతిని ఎక్కిస్తామని కొందరు చెబుతారు. అది చట్టవిరుద్ధం. అంతేకాక అలాంటి ప్రతులతో పాటు దొంగ ప్రోగ్రాములు లోపలికి దూరే ప్రమాదం ఉంది. మన పెన్షన్ ఖాతా తెరిచి చూసుకునేది కూడా అదే కంప్యూటర్‌లో కదా! దొంగకు తాళంచెవి మనమే ఇచ్చినట్లవుతుంది.

మరి ఎలా ఎంచుకోవాలి? నేను ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ ఐదు ప్రశ్నలు అడుగుతాను. మీరూ అడగండి.

మొదటి ప్రశ్న: అసలు ఫోటో చెక్కు చెదరకుండా ఉంటుందా? కొన్ని సాఫ్ట్‌వేర్లు మనం చేసిన మార్పులను విడిగా ఒక చీటీలో రాసుకున్నట్లు దాచుకుంటాయి. అసలు ఫైలును ముట్టుకోవు. ఎప్పుడు కావాలన్నా వెనక్కి పోవచ్చు. మరికొన్నింటిలో "సేవ్" నొక్కగానే పాత ఫోటో మీదనే కొత్తది కూర్చుంటుంది. అలాంటి వాటిలో పని మొదలుపెట్టే ముందే నకలు తీసి, నకలు మీదనే పని చేయాలి. ఆఫీసులో ఒరిజినల్ ఫైలు మీద ఎవరైనా కొట్టివేతలు చేస్తే మనం ఊరుకునేవాళ్లమా? ఇదీ అంతే.

జేపెగ్ అనే రకం ఫైలు గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫోన్లలో, కెమెరాలలో ఎక్కువగా వచ్చేది ఇదే. సైజు తగ్గించడానికి ఇది కొన్ని వివరాలను వదిలేస్తుంది. దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ మరికొంత వదిలేస్తుంది. జిరాక్సు కాపీని మళ్లీ జిరాక్సు తీసినట్లు. అందుకని పని జరుగుతున్నంత కాలం టిఫ్ రకంలో గాని, ఆ సాఫ్ట్‌వేర్ సొంత రకంలో గాని దాచి, అంతా అయ్యాక ఇతరులకు పంపడానికి మాత్రమే జేపెగ్ తీయాలి.

రెండవ ప్రశ్న: ఖర్చు ఏ పద్ధతిలో? ఉచితమా, ఒకసారి కొనేదా, చందానా, లేక కొన్నేళ్ల గడువుదా? "ఒకసారి కొంటే చాలు" అనే మాటను కూడా చివరిదాకా చదవాలి. ఫోటోషాప్ ఎలిమెంట్స్ అని ఇంటివాడకానికి ఒకటి ఉంది. ఒకప్పుడు కొంటే మనదే అయ్యేది. 2024 చివరలో వచ్చిన ప్రతి నుండి దానికి మూడేళ్ల గడువు పెట్టారు.

మూడవ ప్రశ్న: రేపు ఈ సాఫ్ట్‌వేర్ మూతబడితే నా శ్రమ ఏమవుతుంది? పికాసా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2004లో గూగుల్ దానిని కొని ఉచితంగా ఇచ్చింది. ముఖాలను గుర్తుపట్టి పేర్లు పెట్టుకునే సౌకర్యం కూడా అందులో వచ్చింది. మనలాంటి వారికి చాలా సులువుగా ఉండేది. 2016లో దానిని ఆపివేశారు. పేర్లు అన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే రాసుకున్నవారికి వాటిని మరొక చోటికి తెచ్చుకోవడం పెద్ద పని అయింది. కాబట్టి ముఖ్యమైన వివరం, అనగా ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది ఫైలు పేరులోనే రాయండి. "1968 జటప్రోలు నాయనమ్మ చిన్నాయన" అని ఫైలు పేరు ఉంటే, ఏ కంపెనీ మూతబడినా ఆ పేరు పోదు.

నాలుగవ ప్రశ్న: తెలుగు సరిగ్గా వస్తుందా? ఫోటో కింద పేరు, తేదీ, సందర్భం రాసుకోవడం మనకు ఇష్టం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి, గుణింతాలు చెదిరిపోతాయి. డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పని వేరు, మనం ఫోన్లో టైపు చేసే యూనికోడ్ తెలుగు వేరు. ఒకదానిలో రాసింది మరొకదానిలో పిచ్చి గీతల్లా కనబడుతుంది. అందుకని డబ్బు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. "శ్రీలక్ష్మి, కృష్ణ, బ్రహ్మేశ్వరుడు" అని టైపు చేసి చూడండి. ఈ మూడు మాటలూ చక్కగా వస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చినట్లే.

ఐదవ ప్రశ్న: ఇది మన కంప్యూటర్‌లోనే పని చేస్తుందా, లేక ఫోటోను ఎక్కడికో పంపి పని చేయించుకు వస్తుందా? మన కంప్యూటర్‌లోనే చేసేదైతే కంప్యూటర్‌కు తగిన శక్తి ఉండాలి. ఇప్పటి ఫోటోషాప్‌కు కనీసం 8 జీబీ మెమరీ కావాలి. పదేళ్ల నాటి కంప్యూటర్ దానిని మోయలేకపోవచ్చు. బయటికి పంపేదైతే మనవరాళ్ల ఫోటోలు, ఇంటి ఆడవాళ్ల ఫోటోలు ఎవరి చేతికి పోతున్నాయో ఆలోచించుకోవాలి.

ఇప్పుడు పేర్లు చెబుతాను. రాసుకోదలచినవారు రాసుకోండి.

ఫోన్లో దిద్దుకోవడానికి స్నాప్‌సీడ్ చాలు. 2011లో వచ్చింది, 2012 నుండి గూగుల్‌ది. ఉచితం. వంకర తీయడం, వెలుతురు సరిచేయడం, చిన్న మచ్చలు తీయడం అన్నీ వేలితోనే చేసుకోవచ్చు. మన మిత్రులలో పదిమందికి ఎనిమిదిమందికి ఇంతకు మించి అవసరం ఉండదని నా అభిప్రాయం.

కంప్యూటర్‌లో కత్తిరించడం, సైజు తగ్గించడం, వరుసగా చూడడం వంటి చిన్న పనులకు ఇర్ఫాన్‌వ్యూ ఉంది. ఇర్ఫాన్ స్కిల్జాన్ అనే ఒక్క మనిషి 1996 నుండి దానిని తయారుచేసి ఇస్తున్నాడు. సొంత వాడకానికి ఉచితం. పాత కంప్యూటర్‌లో కూడా చురుకుగా నడుస్తుంది.

పాత ఫోటోల మరమ్మతుకు, తెలుగులో పేర్లు రాయడానికి గింప్ ఉంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతటా ఔత్సాహికులు దానిని పెంచుతున్నారు. మూడవ ప్రతి 2025 మార్చిలో వచ్చింది. పూర్తిగా ఉచితం, చట్టబద్ధం, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. మొదటి పది రోజులు కొంచెం తికమక పెడుతుంది. ఓపిక పడితే తర్వాత అలవాటవుతుంది.

ఫోటోషాప్ తరహా పని, కొంచెం సులువుగా కావాలనుకునేవారికి అఫినిటీ ఉంది. 2015లో వచ్చినప్పుడు ఒకసారి కొనేది. ఆ కంపెనీని 2024లో కాన్వా అనే సంస్థ తీసుకుంది. 2025 అక్టోబరు చివరి నుండి ఉచితంగా ఇస్తున్నారు. ఖాతా తెరవాలి, కృత్రిమ మేధ సౌకర్యాలకు మాత్రం డబ్బు కట్టాలి. ఇది మంచి సాఫ్ట్‌వేరే. కాని ఒక కంపెనీ ఈరోజు ఉచితంగా ఇచ్చేది రేపు ఎలా ఇస్తుందో మన చేతిలో లేదు. మూడవ ప్రశ్న దీనికీ వర్తిస్తుంది. ఏదీ ఎక్కించకుండా ఒక్క ఫోటో దిద్దాలనుకుంటే ఫోటోపియా అనే వెబ్‌సైటు ఉంది. ఫోటో మన కంప్యూటర్‌లోనే ఉండి పని జరుగుతుంది.

మంచి కెమెరా ఉన్నవారు "రా" ఫైలు అనే మాట వినే ఉంటారు. అంటే వండని బియ్యం వంటిది. జేపెగ్ అంటే కెమెరా వండి పెట్టిన అన్నం. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. జూరాల గేట్లు ఎత్తినప్పుడు ఎండలో నురుగు తెల్లగా పేలిపోయినట్లు పడుతుంది. జేపెగ్‌లో ఆ నురుగులోని వివరం సాధారణంగా పోయినట్లే. రా ఫైలులో చాలాసార్లు కొంత తిరిగి తేవచ్చు. దీనికి డార్క్‌టేబుల్, రాథెరపీ అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. రెండూ అసలు ఫైలును ముట్టవు. ఫోటోలను వరుసలో పెట్టుకోవడానికి డిజీకామ్ అనేది ఉంది. అదీ ఉచితమే.

ఇక దిద్దడంలో ఎక్కడ ఆగాలి అన్నది చెప్పి ముగిస్తాను. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ పేరు కన్నా ఇది ముఖ్యం.

గద్వాల చీర సంగతి తీసుకోండి. నూలు ఒడలు, పట్టు అంచు, జరీ కొంగు. మన నేతన్నల పిల్లలు ఇప్పుడు ఫోన్లో ఫోటో పంపి చీర అమ్ముతున్నారు. ట్యూబులైటు కింద తీస్తే ఆకుపచ్చ ఒక రకంగా, ఎండలో తీస్తే మరొక రకంగా పడుతుంది. రంగు "బాగా పలకాలి" అని స్కేలును చివరిదాకా లాగితే కుంకుమరంగు కాస్తా ఎర్రటి నిప్పురంగు అవుతుంది. చీర చేతికి వచ్చాక కొన్నవారు "ఇది ఆ రంగు కాదు" అని తిప్పి పంపుతారు. దీనికి ఉపాయం ఏమంటే, అదే వెలుతురులో చీర పక్కన ఒక తెల్లకాగితం పెట్టి ఒక ఫోటో తీయాలి. సాఫ్ట్‌వేర్‌లో "వైట్ బ్యాలెన్స్" అనే చోట ఆ కాగితాన్ని తెలుపుగా చూపిస్తే మిగతా రంగులు కూడా చాలావరకు దారికి వస్తాయి. ఇక్కడ దిద్దడం అంటే ఉన్నది ఉన్నట్లు చూపడం, లేనిది తేవడం కాదు.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి. కింద నిలబడి కెమెరా పైకెత్తి తీస్తే శిఖరం వెనక్కి వాలినట్లు పడుతుంది. స్నాప్‌సీడ్‌లోనూ, గింప్‌లోనూ ఆ వాలును సరిచేసే పరికరం ఉంది. కొంచెం సరిచేస్తే కంటికి కనబడినట్లు వస్తుంది. మరీ లాగితే గుడి లేని ఎత్తు పెరుగుతుంది. చూసినవారు అలంపురం వచ్చి, "ఫోటోలో ఇంత పొడుగు ఉందే!" అంటారు.

ఇప్పుడు కృత్రిమ మేధతో నడిచే సాఫ్ట్‌వేర్ల విషయం. ఒక్క మీట నొక్కితే పాత ఫోటో కొత్తదైపోతుంది. చినిగినచోటు అతుక్కుంటుంది, ముఖం తేటగా వస్తుంది, రంగులు వస్తాయి. పిల్లలు చేసి చూపిస్తే మనకూ ముచ్చటేస్తుంది. మా బంధువుల ఇంట్లో ఒక ముసలమ్మ ఫోటో ఉంది. ఆమెకు అదొక్కటే ఫోటో. మనవడు ప్రేమతో దానిని అలాంటి ఒక యాప్‌లో వేసి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. ఆమె చెల్లెలు, తొంభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, దగ్గరికి తీసుకుని చూసి, "ఇది మా అక్క కాదు బిడ్డా" అన్నది. కళ్లద్దాలు తెచ్చి పెట్టినా అదే మాట. తర్వాత పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలిసింది. నుదుటి మీద, గదుమ మీద ఉన్న పచ్చబొట్లను ఆ యాప్ మరకలనుకుని తుడిచేసింది. ముక్కుపుల్ల పోయింది. పెదవి పక్కన ముడత పోయింది. ముఖం నునుపుగా, అందంగా ఉంది. మనిషి మాత్రం ఆమె కాదు.

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతే అంత. ఫోటోలో వివరం లేనిచోట అది తాను చూసిన లక్షల ముఖాలను బట్టి, ఇక్కడ ఇలా ఉండవచ్చునని ఊహించి నింపుతుంది. లక్షల ముఖాలలో మన పాలమూరు పచ్చబొట్టు ఎన్ని ఉంటాయి? స్టూడియో యజమానికి ఆమె తెలుసు. యాప్‌కు తెలియదు. పాత ఫోటోలో ముఖం ఒక గోరంత ఉంటే, దానిని అరచేయంత చేసినప్పుడు కనబడే కనుబొమలు, పళ్లు సగం ఊహే. దేవుడి పటం పక్కన పెట్టుకునే ఫోటోలో ఊహ ఎంత ఉండవచ్చునో ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవాలి.

ఈ విషయంలో మన ప్రాంతానికి మరొక బాధ్యత కూడా ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల తొలినాళ్లలో, కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఎన్నో ఊళ్లు నీళ్లలో కలిసిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విడదీసి తెచ్చి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్నీ తరలించారు. గుళ్లు తరలివచ్చాయి గాని ఇళ్లు, అరుగులు, చేదబావులు, రచ్చకట్టలు తరలిరాలేదు. అవి ఎలా ఉండేవో చూపించేవి ఎవరి పెట్టెల్లోనో మిగిలిన ఫోటోలు మాత్రమే. పెళ్లి ఫోటోలో దంపతుల వెనుక మట్టిగోడ, గూట్లో దీపం, పక్కన సగం కనబడే ఎద్దులబండి ఉంటాయి. ఇప్పుడు యాప్‌లు "వెనుక ఉన్నది తీసేయమంటారా?" అని అడుగుతాయి. తీసేస్తే ఫోటో శుభ్రంగా ఉంటుంది. కాని ఆ గోడ మునిగిపోయిన ఊరి గోడ అయితే, ఊరు రెండోసారి మునిగినట్లే.

కాబట్టి నా మనవి ఇది. ముఖాన్ని, వెనుక దృశ్యాన్ని ఊహతో నింపే మీటలను నొక్కవద్దని నేను అనను. నొక్కండి, చూసి ఆనందించండి. కాని అసలు స్కాన్‌ను విడిగా, ముట్టకుండా దాచండి. యాప్ చేసిన ప్రతికి ఫైలు పేరులో "యాప్‌తో మార్చినది" అని రాయండి. రేపు మన మనవల పిల్లలు ఏది అసలో, ఏది ఊహో తెలుసుకోగలగాలి. చినిగిన గీత, గీసుకుపోయిన చోటు, తేమ మరక, ఇవి ఫోటోకు కాలం చేసిన గాయాలు. వాటిని మాన్పవచ్చు. పచ్చబొట్టు, ముడత, గాటు, ఇవి మనిషివి. వాటిని ముట్టకూడదు. గింప్‌లో ఈ పనిని చేత్తో, కొంచెం కొంచెంగా చేసుకోవచ్చు. ఒక ఫోటోకు రెండు సాయంత్రాలు పట్టవచ్చు. మనకు సాయంత్రాలకు కొరతా!

ఇంటికి వెళ్లి మొదలుపెట్టదలచినవారికి క్రమం చెబుతాను. ముందు ఫోటోను మెత్తని పొడిబట్టతో తుడవండి. నీళ్లు తగలనీయవద్దు. స్కానర్‌లో పోస్టుకార్డు సైజు ఫోటోకు 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజుకు 1200 డీపీఐ పెట్టండి. నాలుగు అంగుళాలు ఆరు అంగుళాల ఫోటో 600 దగ్గర అడ్డం 2400, నిలువు 3600 చుక్కలుగా వస్తుంది. రెండింతలు పెద్దది చేసి ప్రింటు వేసుకున్నా సరిపోతుంది. నలుపు తెలుపు ఫోటో అయినా రంగులోనే స్కాన్ చేయండి. పసుపు మరకలను వేరు చేయడానికి ఆ రంగు పనికి వస్తుంది. టిఫ్‌గా దాచండి. ఫోటో వెనుక ఏదైనా రాసి ఉంటే ఆ వెనుక వైపు కూడా స్కాన్ చేయండి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకవద్దు, అద్దంతోనే తీయండి. మూడు ప్రతులు ఉంచుకోండి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరో కూతురు దగ్గరో. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోగా కాకుండా "డాక్యుమెంట్"గా పంపండి. అప్పుడు సైజు తగ్గించదు.

సాఫ్ట్‌వేర్ ఏదైనా నేర్చుకోవచ్చు. ఈ సంవత్సరం గింప్ కాకపోతే వచ్చే సంవత్సరం మరొకటి. కాని ఫోటోలోని మనుషుల పేర్లు ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియవు. అవి మన దగ్గర, మనకన్నా పెద్దవారి దగ్గర మాత్రమే ఉన్నాయి. అందుకని సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందే, ఈ వారంలోనే, ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి ఒక్కొక్క ఫోటో చూపించి పేర్లు అడిగి రాసుకోండి. మునిగిన ఊళ్ల ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే, వచ్చే సమావేశానికి తీసుకురండి. స్కానర్ నేను తెస్తాను. ఫోటో ఇక్కడే, మీ కళ్ల ముందే స్కాన్ చేసి, అప్పటికప్పుడు మీ చేతికి తిరిగి ఇస్తాను. అలా కూడిన వాటిని దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్లుగా, పేర్లతో సంఘం తరఫున భద్రపరచుకుందామని కార్యవర్గం వారికి ఈ సభాముఖంగా విజ్ఞప్తి చేస్తున్నాను.